భాగం – 9: తొలి గోథిక్ నవలను ఈనాడు చదవడం – ‘ఒట్రాంటో కోట’

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 కథాసంగ్రహం
9.3 1764 డిసెంబరు: దొరికిన పుస్తకం
9.4 1765: బయటపడిన రచయిత
9.5 నవ్వు ఏనాటిది?
9.6 కోట ఎవరిది?
9.7 ముగ్గురు స్త్రీలు
9.8 చదివే పద్ధతి
9.9 సారాంశం
9.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి
9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• ‘ఒట్రాంటో కోట’ నవల ప్రచురణ చరిత్రను వివరించగలుగుతారు.
• ఒకే పుస్తకాన్ని కొద్ది నెలల తేడాతో పాఠకులు వేరు వేరుగా ఎందుకు అంచనా వేశారో చెప్పగలుగుతారు.
• నవలలోని అద్భుత సంఘటనల వెనుక ఉన్న వారసత్వ, వివాహ సమస్యలను గుర్తించగలుగుతారు.
• ఒక పాత నవలను చారిత్రక ఆధారంగా చదివేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను తెలుసుకుంటారు.

9.1 పరిచయం

పాత నవలను చేతిలోకి తీసుకున్నప్పుడు చరిత్ర విద్యార్థికి రెండు చిక్కులు ఎదురవుతాయి. ఒకటి, అది ఇప్పుడు వింతగా, కొన్నిచోట్ల హాస్యాస్పదంగా కనిపించడం. రెండు, అది చాలా ముఖ్యమైన పుస్తకమనీ, దానితో ఒక సాహిత్య ప్రక్రియ మొదలైందనీ ఇతరులు మనకు ముందే చెప్పి ఉండటం. మొదటి చిక్కు వల్ల పుస్తకాన్ని పక్కన పెట్టేస్తాం. రెండో చిక్కు వల్ల మనకు కలగని గౌరవాన్ని కలిగినట్లు రాస్తాం. ఈ రెండూ చరిత్ర అధ్యయనానికి పనికిరావు.

ఈ భాగంలో అటువంటి ఒక నవలను పరిశీలిద్దాం. దాని పేరు ‘ద కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’. మనం దీన్ని ‘ఒట్రాంటో కోట’ అని పిలుద్దాం. ఇది 1764 డిసెంబరు 24న లండన్‌లో వెలువడింది. రచయిత హొరేస్ వాల్‌పోల్ (1717–1797). బ్రిటన్ తొలి ప్రధానమంత్రిగా చరిత్రకారులు పరిగణించే రాబర్ట్ వాల్‌పోల్‌కు ఈయన చిన్న కొడుకు. 1741 నుంచి 1768 వరకు పార్లమెంటు సభ్యుడిగా ఉన్నాడు.

కాలాన్ని గుర్తు పెట్టుకోవడానికి మీకు తెలిసిన రెండు సంఘటనలను పక్కన పెట్టి చూడండి. బొబ్బిలి యుద్ధం 1757 జనవరిలో జరిగింది. బక్సర్ యుద్ధం 1764 అక్టోబరులో జరిగింది. బక్సర్ తరువాత రెండు నెలలకే లండన్ పుస్తకాల దుకాణాల్లోకి ఈ నవల వచ్చింది. అంటే ఇది మధ్యయుగాల కథ చెప్పినా, మధ్యయుగాల పుస్తకం కాదు. వర్తకం, పత్రికలు, పార్లమెంటు తగాదాలు, విదేశీ యుద్ధాలు నిండిన సమాజంలో పుట్టిన పుస్తకం.

‘గోథిక్’ అనే మాట గురించి కూడా ఇక్కడే తెలుసుకోవాలి. ఈ మాట గోత్ జాతి పేరు నుంచి వచ్చింది. 18వ శతాబ్దపు ఇంగ్లండులో దీనికి ‘మధ్యయుగాలకు చెందిన’ అనీ, ‘మోటు, అనాగరిక’ అనీ అర్థాలుండేవి. మరోవైపు, తమ ప్రాచీన స్వేచ్ఛలు గోథిక్ పూర్వికుల నుంచి సంక్రమించాయని గర్వంగా చెప్పుకొనే రాజకీయ రచయితలూ ఉండేవారు. కాబట్టి ఈ మాటలో నింద, గర్వం రెండూ ఉన్నాయి.

9.2 కథాసంగ్రహం

ఇటలీ ఆగ్నేయ తీరంలోని ఒట్రాంటోలో, క్రూసేడుల కాలంలో కథ జరుగుతుంది. అక్కడి ప్రభువు మాన్‌ఫ్రెడ్. అతనికి భార్య హిప్పోలిటా, పద్దెనిమిదేళ్ల కూతురు మటిల్డా, ఆమెకంటే మూడేళ్లు చిన్నవాడైన కొడుకు కాన్రాడ్ ఉన్నారు. కాన్రాడ్ రోగిష్ఠి. అయినా తండ్రికి వాడే ప్రాణం. విచెంజా ప్రభువు ఫ్రెడరిక్ కూతురు ఇసబెల్లాతో కాన్రాడ్ పెళ్లి జరిపించాలని మాన్‌ఫ్రెడ్ తొందరపడుతుంటాడు. కోట అసలు యజమాని అందులో పట్టనంత పెద్దవాడైనప్పుడు ఈ వంశం చేతిలో నుంచి కోట జారిపోతుందని ఒక పాత జోస్యం ఉంది. ఆ భయమే ఈ తొందరకు కారణమని జనం చెప్పుకుంటారు.

పెళ్లిరోజున కాన్రాడ్ కోట ప్రాంగణంలో చనిపోయి కనిపిస్తాడు. మనిషి తలకు చేసేదానికంటే నూరు రెట్లు పెద్దదైన ఉక్కు శిరస్త్రాణం ఒకటి అతని మీద పడి ఉంటుంది. ఒక పల్లె యువకుడు దాన్ని చూసి, చర్చిలో ఉన్న పాత ప్రభువు అల్ఫోన్సో విగ్రహానికి ఉండే శిరస్త్రాణం లాగా ఉందంటాడు. ఆ యువకుడే థియోడర్. ఆ మాటకు మాన్‌ఫ్రెడ్ మండిపడి అతన్ని ఆ శిరస్త్రాణం కిందే బంధిస్తాడు.

కొడుకు పోయిన రాత్రే మాన్‌ఫ్రెడ్ ఇసబెల్లాను పిలిపించి, హిప్పోలిటాను వదిలేసి నిన్ను పెళ్లాడతానంటాడు. అతని తాత రికార్డో చిత్రపటం నిట్టూర్చి, చట్రంలో నుంచి దిగి నడిచి వస్తుంది. ఇసబెల్లా కోట కింది సొరంగం గుండా సెయింట్ నికొలస్ చర్చికి పారిపోతుంది. థియోడర్ ఆమెకు సహాయం చేస్తాడు. థియోడర్ మీద ప్రేమ పెంచుకున్న మటిల్డా తరువాత అతన్ని చెర నుంచి విడిపిస్తుంది.

చివరికి ఒక రాత్రి చర్చిలో థియోడర్‌తో మాట్లాడుతున్న యువతిని ఇసబెల్లా అనుకుని మాన్‌ఫ్రెడ్ కత్తితో పొడుస్తాడు. ఆమె అతని సొంత కూతురు మటిల్డా. ఆమె మరణించగానే కోట గోడలు కూలిపోతాయి. అల్ఫోన్సో బ్రహ్మాండమైన రూపంతో శిథిలాల మధ్య నిలిచి, థియోడరే తన వారసుడని ప్రకటిస్తాడు. తన తాత రికార్డో అల్ఫోన్సోకు విషం పెట్టి, దొంగ వీలునామా పుట్టించి కోటను కాజేశాడని మాన్‌ఫ్రెడ్ ఒప్పుకుంటాడు. అతనూ హిప్పోలిటా మఠాల్లో చేరతారు. థియోడర్ ఇసబెల్లాను పెళ్లి చేసుకుంటాడు గానీ, మటిల్డా కోసం పడే దుఃఖాన్ని పంచుకోవడానికే ఆ పెళ్లి అన్నట్లు కథ ముగుస్తుంది.

9.3 1764 డిసెంబరు: దొరికిన పుస్తకం

మొదటి ముద్రణలో 500 ప్రతులు వేశారు. వాటి మీద వాల్‌పోల్ పేరు లేదు. ఒట్రాంటోలోని సెయింట్ నికొలస్ చర్చికి చెందిన ఒనుఫ్రియో మురాల్తో అనే మతగురువు ఇటాలియన్‌లో రాసిన కథకు విలియం మార్షల్ చేసిన అనువాదమని ఉంది. ఇద్దరూ కల్పిత వ్యక్తులే. మూల గ్రంథం 1529లో నేపుల్స్ నగరంలో అచ్చయిందనీ, ఉత్తర ఇంగ్లండులోని ఒక పాత కాథలిక్ కుటుంబం గ్రంథాలయంలో దొరికిందనీ పీఠికలో రాశారు. కథా సంఘటనలు 1095కూ 1243కూ మధ్యనో, ఆ తరువాత కొద్దికాలానికో జరిగి ఉండాలని పండితుల ధోరణిలో చర్చించారు.

ఈ పీఠిక చేసే పనిని జాగ్రత్తగా గమనించండి. జనాన్ని పాత మూఢనమ్మకాల్లోనే ఉంచడానికి ఎవరో తెలివైన మతగురువు ఈ కథ రాసి ఉంటాడని ‘అనువాదకుడు’ ఊహిస్తాడు. అంటే ఇలాంటివి మీరూ నేనూ నమ్మం, ఆ కాలంవాళ్లు నమ్మేవారు అని 1764 నాటి ప్రొటెస్టెంట్ పాఠకుడికి ముందే భరోసా ఇస్తాడు. ఆ భరోసా చేతిలో ఉంటే ఎంత పెద్ద శిరస్త్రాణమైనా ఆకాశం నుంచి పడవచ్చు. పాఠకుడి వివేకానికి భంగం రాదు.

ఈ ఏర్పాటు ఎందుకు అవసరమైంది? అప్పటికి ఇంగ్లీషు నవల మరో దారిలో నడుస్తోంది. శామ్యూల్ రిచర్డ్‌సన్, హెన్రీ ఫీల్డింగ్ వంటివారు ఇళ్లలో, వీధుల్లో, సత్రాల్లో జరిగే కథలు రాశారు. అద్భుతాలకు నవలలో చోటు లేదన్న అభిప్రాయం స్థిరపడుతోంది. వాల్‌పోల్ నవల వచ్చిన రెండేళ్లలోపే, 1766లో, ఆలివర్ గోల్డ్‌స్మిత్ రాసిన ‘ద వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ వెలువడింది. అదీ కుటుంబ కథే. ఆ నవల ప్రేరణతోనే కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ రాశారని మీకు తెలుసు. ఇంగ్లీషు నవల తెలుగులోకి వచ్చిన ఒక ముఖ్యమైన దారి అది. వాల్‌పోల్ మాత్రం దానికి ఎదురుగా నడిచాడు.

అయితే ఆయన ఒంటరి కాదు. ‘పాతది’ అనే ముసుగుతో కొత్తది రాయడం ఆ కాలంలో మరికొందరూ చేశారు. స్కాట్లండుకు చెందిన జేమ్స్ మాక్‌ఫర్సన్ 1760 నుంచి ఓసియన్ అనే ప్రాచీన కవి కావ్యాలకు అనువాదాలంటూ పుస్తకాలు ప్రచురించాడు. వాటి ప్రామాణికత మీద పెద్ద వివాదం నడిచింది. వాల్‌పోల్ నివసించిన ఇల్లు కూడా ఇలాంటిదే. లండన్ సమీపంలోని ట్వికెన్‌హామ్‌లో స్ట్రాబెర్రీ హిల్ అనే ఇంటిని ఆయన కొన్ని దశాబ్దాలపాటు మధ్యయుగపు భవనంలా మారుస్తూ పోయాడు. పాత సమాధుల, చర్చిల నమూనాలు చూసి కిటికీలు, పొయ్యి గూళ్లు చేయించాడు. అక్కడి ఒక పెద్ద గది పైకప్పు చూడటానికి రాతి శిల్పంలా ఉంటుంది, నిజానికి కాగితపు గుజ్జుతో చేసినది. కాగితంతో కట్టిన మధ్యయుగంలో కూర్చుని ఆయన కాగితం మీద మరో మధ్యయుగాన్ని కట్టాడు.

9.4 1765: బయటపడిన రచయిత

పుస్తకం బాగా అమ్ముడుపోయింది. కేంబ్రిడ్జిలో ఉన్న కవి థామస్ గ్రే, తన మిత్రుల్లో కొందరు దాన్ని చదివి కన్నీళ్లు పెట్టుకున్నారనీ, రాత్రిపూట పడుకోవడానికి అందరూ భయపడుతున్నారనీ వాల్‌పోల్‌కు రాశాడు. గ్రే చమత్కారి. ఆ మాటల్లో సరదా ఎంతో, నిజం ఎంతో మనమే తూచుకోవాలి.

1765లో రెండో ముద్రణ వచ్చింది. ఇందులో వాల్‌పోల్ కొత్త పీఠిక రాసి, అనువాదం మాట కల్పన అని ఒప్పుకున్నాడు. పుస్తకానికి ‘ఒక గోథిక్ కథ’ అనే ఉపశీర్షిక చేర్చాడు. పాత రొమాన్సుల్లో అంతా ఊహే, ప్రకృతి సహజత్వం లేదు. కొత్త నవలల్లో సహజత్వమే తప్ప ఊహకు చోటు లేదు. ఈ రెంటినీ కలపడమే తన ప్రయత్నమని వివరించాడు. అద్భుతమైన పరిస్థితుల్లో మామూలు మనుషులు ఎలా మాట్లాడతారో, ఎలా నడుచుకుంటారో అలాగే తన పాత్రలు నడుచుకోవాలని కోరుకున్నానన్నాడు.

ఇప్పుడు ఈ భాగంలో మనకు ముఖ్యమైన సంఘటన. ‘మంత్లీ రివ్యూ’ అనే పత్రిక మొదటి ముద్రణను కొంత మెచ్చుకుంది. వింతలు సహించగలవారికి కాలక్షేపం బాగానే దొరుకుతుందంది. రెండో ముద్రణ వచ్చాక అదే పత్రిక మాట మార్చింది. చీకటి యుగపు రచన అనుకున్నప్పుడు ఆ అసంబద్ధతలను మన్నించామనీ, నాగరిక యుగంలో జీవించే రచయిత రాశాడని తెలిశాక మన్నించలేమనీ దాని వాదన సారాంశం.

కథలో ఏమీ మారలేదు. శిరస్త్రాణం అంతే పెద్దది, చిత్రపటం అలాగే నడుస్తోంది. మారింది పాఠకుడికి తెలిసిన సమాచారం ఒక్కటే. దీన్నిబట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. ఆధునిక పాఠకుడంటే 21వ శతాబ్దంలో పుట్టినవాడని మాత్రమే అర్థం కాదు. ‘వాళ్ల కాలం వేరు, మన కాలం వేరు’ అనే గీత గీసుకుని ఆ గీతకు ఇవతల నిలబడి చదివేవాడు ఆధునిక పాఠకుడు. ఆ గీతను 1765లోనే గీశారు. ఈనాడు మీరు ఈ నవల తెరిచేటప్పుడు నిలబడే చోటు ఆ విమర్శకుడు నిలబడిన చోటే.

9.5 నవ్వు ఏనాటిది?

ఈ నవల చదువుతూ మీకు నవ్వు వస్తే, అది రాసుకోవడానికి వెనకాడకండి. పగలంతా పనిచేసి రాత్రి ఒంటరిగా చదువుకునే విద్యార్థికి పక్కన అడగడానికి ఎవరూ ఉండరు. ‘నాకే అర్థం కాలేదేమో, గొప్ప పుస్తకానికి నవ్వుతున్నానేమో’ అనిపించవచ్చు. ఆ నవ్వు కూడా పరిశీలించవలసిన ఆధారమే. అయితే అందులో మూడు రకాలు కలిసి ఉంటాయి. వాటిని విడదీయాలి.

మొదటిది రచయిత కోరుకున్న నవ్వు. కోటలో బ్రహ్మాండమైన పాదం చూసిన సేవకులు డియాగో, జాకెజ్ ప్రభువుకు ఆ సంగతి చెప్పడానికి వస్తారు. నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అంటూ, ఒకరి మాట ఒకరు అందుకుంటూ అసలు విషయానికి రారు. మాన్‌ఫ్రెడ్ సహనం కోల్పోతాడు. దాసి బియాంకా కూడా ఇంతే. ఇది వాల్‌పోల్ కావాలని చేసినది. విషాదంలో హాస్యం కలపడాన్ని ఫ్రెంచి రచయిత వోల్తేర్ తప్పుపట్టాడు. రెండో పీఠికలో వాల్‌పోల్ షేక్స్పియర్‌ను తన ఆదర్శంగా చూపి ఆ మిశ్రమాన్ని సమర్థించుకున్నాడు.

రెండోది కొలత తప్పడం వల్ల వచ్చే నవ్వు. నూరుమంది మోసే కత్తి, నూరు రెట్ల శిరస్త్రాణం, ముక్కులో నుంచి మూడు రక్తపు చుక్కలు కార్చే విగ్రహం. ఇవి చూసి నవ్వడం మన కాలపు తెలివి అనుకుంటే పొరపాటు. ఈ నవల దారిలోనే ‘ద ఓల్డ్ ఇంగ్లిష్ బేరన్’ రాసిన క్లారా రీవ్ 1778 నాటి తన పీఠికలో వీటిలో కత్తిని, శిరస్త్రాణాన్ని పేర్కొని, అతి వల్ల భయం పోయి నవ్వు వస్తోందని చెప్పింది. తన పుస్తకంలో దయ్యాన్ని నమ్మదగిన హద్దుల్లో ఉంచింది. వాల్‌పోల్‌కు ఆ పుస్తకం చప్పగా తోచింది. హత్యానేరం మీద జరిగే ఏ కోర్టు విచారణ అయినా అంతకంటే ఆసక్తికరంగా ఉంటుందని ఒక లేఖలో ఎగతాళి చేశాడు. అద్భుతం ఎంత ఉండాలన్న చర్చ ఆనాడే మొదలైందన్నమాట.

మూడోది మాత్రం నిజంగా మనదే. సొరంగాలు, ఆరిపోయే దీపం, నడిచే చిత్రపటం, భుజం మీది గుర్తు చూసి తండ్రి కొడుకును పోల్చుకోవడం – ఇవన్నీ మనం ఎన్నో కథల్లో చదివాం, ఎన్నో సినిమాల్లో చూశాం. అందువల్ల ముందు వచ్చినది తరువాత వచ్చినవాటికి నకలుగా కనిపిస్తుంది. ఆన్ రాడ్‌క్లిఫ్ ‘ఉడాల్ఫో’ (1794), మాథ్యూ లూయిస్ ‘ద మాంక్’ (1796), మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ (1818) – ఇవేవీ 1764 పాఠకుడు చదివి ఉండలేదు. ఆ అనుభవాన్ని మనం మరచిపోలేం గానీ, లెక్కలోకి తీసుకోగలం.

తెలుగు పాఠకులకు ఇక్కడ మరో జాగ్రత్త అవసరం. ‘చందమామ’ కథలు, జానపద చలనచిత్రాల అలవాటు వల్ల ఈ నవల మనకు చప్పున దగ్గరవుతుంది. తప్పిపోయిన రాజకుమారుడు, అన్యాయంగా గద్దెనెక్కిన రాజు మనకు కొత్తకాదు. కానీ జానపద కథలో అద్భుతాన్ని ఎవరూ ప్రశ్నించరు. ఒట్రాంటోలో అద్భుతం జరిగినప్పుడు దాన్ని తోసిపుచ్చాలని చూసేవారూ, సేవకుల భ్రమ అనేవారూ ఉంటారు. పుస్తకం బయట విమర్శకుడు కూడా ప్రశ్నిస్తూనే ఉంటాడు. నమ్మకానికీ, అపనమ్మకానికీ మధ్య ఈ పెనుగులాట ఉండటమే దీన్ని జానపద కథ నుంచి వేరు చేస్తుంది.

9.6 కోట ఎవరిది?

అద్భుతాలన్నీ తీసేసి చూస్తే నవలలో ఒక భూమి తగాదా మిగులుతుంది. తాత హత్య చేసి ఆస్తి కాజేశాడు. తండ్రి అనుభవించాడు. మనవడు దాన్ని కొడుక్కి అందించాలని చూస్తున్నాడు. మూడు తరాలు అనుభవించినందువల్ల అన్యాయపు సొత్తు న్యాయమైనదవుతుందా? ఇదీ ప్రశ్న. తండ్రుల పాపం మూడో, నాలుగో తరం వరకు పిల్లలను వెంటాడుతుందన్నదే ఈ కథ చెప్పే నీతి అని మొదటి పీఠికే చెబుతుంది. ఇంతకంటే ఉపయోగకరమైన నీతి ఉంటే బాగుండేదని ‘అనువాదకుడు’ చమత్కరిస్తాడు కూడా.

1764 నాటి ఇంగ్లండులో ఇది కథల్లో మాత్రమే ఉన్న ప్రశ్న కాదు. 1688 విప్లవంలో రెండో జేమ్స్ సింహాసనం కోల్పోయాడు. 1714లో జర్మనీలోని హానోవర్ నుంచి మొదటి జార్జి వచ్చి రాజయ్యాడు. 1745లో స్టువార్ట్ వంశపు చార్లెస్ ఎడ్వర్డ్ తమ హక్కు కోసం సైన్యంతో ఇంగ్లండులోకి చొచ్చుకువచ్చి చివరికి ఓడిపోయాడు. 1760లో రాజైన మూడో జార్జి, హానోవర్ రాజుల్లో మూడోవాడు. నవల వచ్చేనాటికి 1745 తిరుగుబాటును చూసినవారు ఎందరో బతికే ఉన్నారు. రచయిత తండ్రి రాబర్ట్ వాల్‌పోల్ తన రాజకీయ జీవితమంతా హానోవర్ వారసత్వాన్ని నిలబెట్టడానికి వెచ్చించినవాడు.

అలాగైతే మాన్‌ఫ్రెడ్ అంటే జార్జి అనీ, థియోడర్ అంటే స్టువార్ట్ రాకుమారుడనీ రాసేయవచ్చా? రాయకూడదు. వాల్‌పోల్ విగ్ పక్షపు వాడు, స్టువార్టులకు వ్యతిరేకి. నవలలో అలాంటి సంకేతం ఉందని ఆయన ఎక్కడా చెప్పలేదు. చెప్పగలిగింది ఒకటే. గద్దె మీద కూర్చున్నవాడి హక్కు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న ఆ పాఠకులకు బాగా పరిచయమైనది. దేశంలో నేరుగా అడగడానికి ఇబ్బందైన ఆ ప్రశ్నను దూరపు ఇటలీలో, దూరపు కాలంలో నిర్భయంగా అడగవచ్చు.

రచనా కాలానికి సంబంధించి మరో ఆధారం ఉంది. 1764 ఏప్రిల్‌లో వాల్‌పోల్ దగ్గరి బంధువు, మిత్రుడు హెన్రీ కాన్వే పార్లమెంటులో ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేసినందుకు ఆస్థాన పదవినీ, సైన్యంలో తన రెజిమెంటునూ కోల్పోయాడు. వాల్‌పోల్ అతని తరఫున కరపత్రం రాశాడు. ఆ వేసవిలోనే నవల మొదలైంది. 1765 మార్చిలో విలియం కోల్ అనే మిత్రుడికి రాసిన లేఖలో ఆయన దాని పుట్టుక చెప్పాడు. ఒక పాత కోటలో ఉన్నట్లు కల వచ్చిందనీ, పెద్ద మెట్లవరస పైన ఇనుప కవచం తొడిగిన బ్రహ్మాండమైన చెయ్యి కనిపించిందనీ, ఆ సాయంత్రమే రాయడం మొదలుపెట్టాననీ, రాజకీయాలు తప్ప మరేదైనా ఆలోచించడం హాయిగా తోచిందనీ, రెండు నెలల లోపే ముగించాననీ అన్నాడు. రాజకీయాల నుంచి పారిపోవడానికి రాసిన పుస్తకంలో మాటకు ఎదురాడిన వాణ్ణి ఖైదు చేసే పాలకుడు కనిపిస్తాడు. పారిపోయినవాడి వెంట ఏమేం వచ్చాయో చూడటం చరిత్రకారుడి పని.

9.7 ముగ్గురు స్త్రీలు

శిరస్త్రాణం చూసి నవ్విన పాఠకుడు కూడా నవ్వలేని చోట్లు ఈ నవలలో ఉన్నాయి. అవి స్త్రీల కథకు సంబంధించినవి.

కొడుకు చనిపోయిన రాత్రి తనను ఓదార్చడానికి వచ్చిన మటిల్డాను, నాకు కూతురు అక్కర్లేదంటూ మాన్‌ఫ్రెడ్ తలుపు దగ్గరే తిప్పి పంపేస్తాడు. హిప్పోలిటాను వదిలించుకోవడానికి, ఆమె తనకు నాలుగో తరపు బంధుత్వంలో ఉందనీ, ఆమెకు అంతకుముందే మరొకరితో నిశ్చయమైందనీ కారణాలు వెతుకుతాడు. మగ వారసుడి కోసం భార్యను వదిలేయడానికి మతధర్మంలో కారణం వెతికిన ఎనిమిదో హెన్రీ ఇంగ్లీషు పాఠకుడికి గుర్తుకురావడం సహజం. తరువాత ఇసబెల్లా తండ్రి ఫ్రెడరిక్ వచ్చినప్పుడు ఇద్దరు తండ్రులూ బేరం కుదుర్చుకుంటారు. నీ కూతురు నాకు, నా కూతురు నీకు. ఆడపిల్లలను ఎవరూ అడగరు. ఈ వాక్యాల్లో దయ్యం ఒక్కటి కూడా లేదు. నవల మొత్తంలో ఎక్కువ భయపెట్టే ఘట్టం ఇదే అనిపిస్తే మీరు సరిగ్గానే చదువుతున్నారు.

ఇది కూడా ఆనాటి చట్టాలతో ముడిపడి ఉంది. 1753 వివాహ చట్టం ప్రకారం చర్చిలో, నిర్ణీత పద్ధతిలో జరగని పెళ్లి చెల్లదు. ఇరవై ఒకటో ఏడు నిండనివారు లైసెన్సు తీసుకుని పెళ్లాడాలంటే తండ్రి లేదా సంరక్షకుడి అనుమతి ఉండాలి. పెళ్లయిన స్త్రీ ఆస్తి సాధారణ న్యాయం ప్రకారం చాలావరకు భర్త అధీనంలోకి పోయేది. విడిపోయి మళ్లీ పెళ్లాడాలంటే పార్లమెంటులో ప్రత్యేక చట్టం చేయించుకోవాలి. అది ధనిక పురుషులకే సాధ్యం. 1764లో ఈ నవల చదివిన యువతికి ఇసబెల్లా సొరంగం దూరదేశపు వింత కావచ్చు. ఇసబెల్లా భయం మాత్రం కాదు.

చివర్లో వాల్‌పోల్ ఒక విశేషం పెట్టాడు. తొందరగా చదివితే అది కంటపడదు. మాన్‌ఫ్రెడ్ మగ వారసుడి కోసమే ఇన్ని ఘోరాలు చేశాడు. అసలు వారసుడైన థియోడర్‌కు హక్కు వచ్చింది తల్లివైపు నుంచి. అల్ఫోన్సో పవిత్రభూమికి వెళ్తూ సిసిలీలో విక్టోరియా అనే యువతిని రహస్యంగా పెళ్లాడాడు. వారికి పుట్టినది కూతురు. ఆ కూతురి కొడుకు థియోడర్. అంటే న్యాయమైన వారసత్వం ఒక ఆడపిల్ల ద్వారానే నడిచింది. కూతురు అక్కర్లేదన్న తండ్రి చేతిలో కూతురే చనిపోయింది. రచయిత దీన్ని ఉపన్యాసంగా చెప్పలేదు, కథ నడకలో ఉంచాడు. అయినా థియోడర్‌కు రాజ్యం వచ్చింది గానీ మటిల్డా ప్రాణం తిరిగిరాలేదు. న్యాయం జరిగింది, దాని ఖర్చు నిరపరాధి భరించింది.

9.8 చదివే పద్ధతి

ఈ నవల అయిదు అధ్యాయాలే. రెండు మూడు రాత్రుల్లో ముగించవచ్చు. సంభాషణలు విడివిడి పేరాలుగా కాక పొడవైన పేరాల్లో కలిసిపోయి ఉంటాయి. కాబట్టి ఎవరు మాట్లాడుతున్నారో చూసుకుంటూ, మొదట్లో నెమ్మదిగా చదవండి. పాత్రల మనసులోని ఆలోచనలు ఎక్కువగా కనిపించవు. నాటకంలో లాగా మాటల్లో, చేతల్లోనే వారిని చూడాలి. వీలైతే రెండుసార్లు చదవండి. మొదటిసారి మొదటి పీఠికతో, 1764 పాఠకుడిలా. రెండోసారి రెండో పీఠికతో, రచయిత ఎవరో తెలిసినవాడిలా.

చదువుతూ మీ నోట్సు పుస్తకంలో పేజీని మూడు గడులుగా గీయండి. మొదటి గడిలో పుస్తకంలో ఉన్నది రాయండి. రెండో గడిలో ఆ కాలం గురించి ఇతర ఆధారాల నుంచి మనకు తెలిసింది రాయండి. మూడో గడిలో ఈ రెంటినీ కలిపి మీరు ఊహించింది రాయండి. ‘మాన్‌ఫ్రెడ్ హిప్పోలిటాను వదలాలనుకున్నాడు’ మొదటి గడిలోది. ‘విడాకులు పార్లమెంటు చట్టంతోనే సాధ్యం’ రెండో గడిలోది. ‘ఈ ఘట్టం ఆనాటి స్త్రీలను కలవరపెట్టి ఉంటుంది’ మూడో గడిలోది. మూడో గడిలోని మాటను మొదటి గడిలోని మాటలా రాయడమే విద్యార్థులు సాధారణంగా చేసే తప్పు.

మరొక హెచ్చరిక. ఈ నవలను మధ్యయుగపు ఇటలీకి ఆధారంగా వాడకండి. ఒట్రాంటో అనే పేరు శబ్దం బాగుందని వాల్‌పోల్ పటంలో చూసి ఎంచుకున్నాడు. అక్కడ నిజంగా కోట ఉందని కూడా ఆయనకు అప్పట్లో తెలియదు. చాలా ఏళ్ల తరువాత ఒక స్నేహితురాలు ఆ కోట చిత్రాన్ని తెచ్చి ఇచ్చింది. ఈ పుస్తకం 13వ శతాబ్దం గురించి మనకు చెప్పేది స్వల్పం. 13వ శతాబ్దాన్ని 18వ శతాబ్దం ఎలా ఊహించుకుందో, ఆ ఊహ వెనుక తన ఏ భయాలను దాచుకుందో చెప్పడంలో దీనికి సాటి వచ్చేవి తక్కువ.

9.9 సారాంశం

‘ఒట్రాంటో కోట’ 1764 డిసెంబరులో ఒక పాత ఇటాలియన్ కథకు అనువాదంగా వెలువడింది. 1765లో రచయిత తానేనని వాల్‌పోల్ ఒప్పుకున్నాక విమర్శకుల అంచనా మారింది. పాఠం మారకుండానే తీర్పు మారడం, చదువరి తన కాలాన్ని గురించి ఏమనుకుంటాడన్నది పఠనంలో ఎంత ముఖ్యమో చూపుతుంది. ఈ నవలలోని అతిని చూసి నవ్వడం ఈనాటి అలవాటు మాత్రమే కాదు, 18వ శతాబ్దంలోనే ఉంది. భయం, నవ్వు మొదటి నుంచీ కలిసే నడిచాయి. అద్భుతాల కింద అన్యాయార్జిత వారసత్వం, స్త్రీల నిస్సహాయత అనే నిజమైన సమస్యలున్నాయి. పాత పుస్తకానికి మొక్కనక్కర్లేదు, దాన్ని వెక్కిరించనూ అక్కర్లేదు. మనకు నవ్వు వచ్చిన చోట ఆగి, ఆనాడు ఎవరు ఎందుకు భయపడ్డారని అడిగితే చాలు. చరిత్ర పఠనం ఆ ప్రశ్నతో మొదలవుతుంది.

9.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి

గమనిక: కింది ప్రశ్నలకు మూడు, నాలుగు వాక్యాల్లో జవాబులు రాసి, పైన సూచించిన విభాగాలతో సరిచూసుకోండి.

1. మొదటి ముద్రణ పీఠికలో వాల్‌పోల్ చేసిన కల్పన ఏమిటి? (9.3)
2. ‘మంత్లీ రివ్యూ’ తన అభిప్రాయాన్ని ఎందుకు మార్చుకుంది? (9.4)
3. నవలను చదివేటప్పుడు కలిగే మూడు రకాల నవ్వులు ఏవి? (9.5)
4. థియోడర్‌కు వారసత్వ హక్కు ఎలా సంక్రమించింది? (9.7)

9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.

1. ‘ఒట్రాంటో కోట’ నవలలోని వారసత్వ సమస్యను 1688–1764 మధ్య ఇంగ్లండు చరిత్ర నేపథ్యంలో చర్చించండి. అన్యాపదేశంగా మాత్రమే చదవడంలోని లోపాలను పేర్కొనండి.
2. ‘ఆధునిక పాఠకుడు 1765లోనే ఉన్నాడు’ అనే అభిప్రాయాన్ని ఆధారాలతో పరిశీలించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.

1. నవలలోని స్త్రీపాత్రల స్థితికీ, ఆనాటి వివాహ చట్టాలకూ ఉన్న సంబంధాన్ని వివరించండి.
2. మీకు తెలిసిన ఒక పాత తెలుగు కథనుగానీ, నవలనుగానీ తీసుకుని మూడు గడుల పద్ధతిలో విశ్లేషించండి. మీకు నవ్వు వచ్చిన చోటు నుంచి మొదలుపెట్టండి.